బాయిలరు గది, గిరింపేట

ఈ ఊళ్ళో సముద్రమంటే
సంతలో ఎండుచేపల వాసన.
నీవా ఏట్లో నిండుగా నీళ్ళు చూసి ఎన్నాళ్ళయిందో
వంతెన మీద పోయే ఎవర్నడిగినా
వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటారు.
అట్లాంటి చోట, కోళ్ళ దాణా అంగడి పైన మిద్దెలో
చెంగల్రాయులు,
నౌకాదళం, స్టోకరు, డెబ్బయ్యొకటి యుద్ధం.

మాజీ సైనికుల ఆఫీసులో ఇచ్చిన జాబితాలో
ముప్పయ్యొక్క పేర్లు.
పంతొమ్మిదింటి పక్కన ఎర్ర సిరా.
"తొందరగా పోండి మేడం," అన్నాడు గుమాస్తా,
బస్సు వెళ్ళిపోతుందన్నట్టు.

స్టూలు మీద రికార్డరు పెట్టి
ఎర్ర దీపం వెలిగిందని చూపించాను.
గేజీని చూసినట్టు చూశాడు దాన్ని.
"ఎంత ప్రెషరు దాకా తట్టుకుంటాదమ్మా ఇది?"

గట్టిగా అడగాలి. ఎడమ చెవి బొత్తిగా లేదు,
కుడిది ఉందీ లేదన్నట్టు.
టేపులో నా ప్రశ్నలన్నీ అరుపులు,
ఆయన జవాబులన్నీ గుసగుసలు.

ఓడ పేరడిగితే నవ్వాడు.
"దాన్ని ఎప్పుడో ముక్కలు కోసి అమ్మేసినారు.
ఇప్పుడు ఏ మిద్దెలో కమ్మీగా ఉండాదో.
దీంట్లోనే ఉండొచ్చు," అని స్లాబు చూపించాడు.

"యుద్ధం చూసినారా అంటావు.
నేనేడ చూసినానమ్మా.
నీళ్ళ గీతకు కిందుంటిమి మేము.
టీ దిగితే పగలు, కోకో దిగితే రేయి,
అంతే మాకు సూర్యుడు.
ఉప్పు బిళ్ళలు మింగతా, చెమట గుడ్డ పిండతా
మంట రంగు చూసుకుంటా ఉంటిమి.
పైనోళ్ళు నీళ్ళలోకి బాంబులు జారిస్తే
ఇనప గోడ మీద కమ్మరి సుత్తి.
ఒకటి. రెండు. మూడు.
నాలుగోది మందా వాళ్ళదా అని
వర్గీసూ నేనూ బీడీ పందెం."

వర్గీసు దగ్గర ఆగిపోయాడు.

పదకొండు నిమిషాల నలభై సెకన్లు.
ఈలోపల రికార్డరు విన్నవి:
తోతాపురి లోడుతో గుజ్జు ఫ్యాక్టరీకి పోయే లారీ రివర్సు కూత,
వంటింట్లో కుక్కరు,
ఎవరో పిల్లవాడు పదమూడో ఎక్కం
ఏడు దగ్గర తప్పి మళ్ళీ మొదలుపెట్టడం,
కుర్చీ చేతి మీద ఆయన బొటనవేలి గోరు.
ఆపేద్దామని చాపిన చెయ్యి
వెనక్కి తీసుకున్నాను.

"యుద్ధం అయిపోయిందని రేడియోలో చెప్పినారు.
పైన లడ్డూలు పంచినారంట, మాకూ రెండు దించినారు.
మూడో దినం, పొద్దన్నే, ఆవిరి గొట్టం.
ఆ డ్యూటీ వానిది కాదు, నాది.
నాకు పన్ను నొప్పి."
కాసేపాగి,
"పన్ను నొప్పి, తల్లీ.

స్తంభం మీద చెక్కినోళ్ళలో వాడు లేడు.
తేదీ దాటిపోయిందంట.
బాయిలరుకు తేదీ తెలస్తాదా?"

నా ఫారంలో కూడా ఒక గడి ఉంది,
యుద్ధకాలమా, కాదా, టిక్కు పెట్టాలి.
పెన్ను మూత తీశాను, పెట్టాను, మళ్ళీ తీశాను.
ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.

వినిపించమన్నాడు.
వినిపించాను. వినబడలేదు. సౌండు పెంచాను.
చెవి దగ్గరికి కాదు,
అరచెయ్యి స్పీకరు మీద ఆనించి
కళ్ళు మూసుకున్నాడు.
తన గొంతు తన చేతికింద అదురుతుంటే
"నడస్తా ఉండాది," అన్నాడు.
ఏది అని అడగలేదు నేను.

ఆయన మజ్జిగలో వేసినంత ఉప్పే
నా గ్లాసులోనూ వేసినట్టుంది ఆండాళమ్మ,
సగం కూడా తాగలేకపోయాను.
మెట్ల దాకా వచ్చి
నేను చెప్పులు తొడుక్కుంటుంటే చెప్పింది:
"రాత్రిళ్ళు గోడకు చెయ్యి ఆనించి పండుకుంటాడు పాపా.
పెండ్లయినప్పట్నించీ ఇదే. పిచ్చేమో అనుకుంటి మొదట్లో.
పక్కింటోళ్ళు ఏ నడిరేతిరో కరెంటొచ్చి
బోరు మోటారేస్తే గోడ సన్నగా అదురుతాది చూడు,
ఆ పొద్దు మాత్రం
గుర్రు పెట్టి నిద్రపోతాడు."

అప్పటికే రికార్డరు
నా సంచీలో ఉంది, మిగిలిన పదకొండు పేర్ల కింద,
ఎర్ర దీపం ఆరి.